కలెక్టర్ కాయకు కలెక్టరే దిక్కు

మొన్నామధ్య మా అపార్ట్‌మెంట్‌లో ఓ పాపాయి పుట్టినరోజు. కేకు కోశారు, టోపీలు పెట్టారు, బెలూన్లు పగలగొట్టారు. పేపరు ప్లేట్లో సమోసా, చిప్స్, పక్కన తలా ఓ చిన్న అట్టడబ్బాలో మామిడి రసం. పిల్లలంతా స్ట్రాలు గుచ్చి జుర్రేస్తుంటే మావాడు మాత్రం డబ్బాని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. ఏది కొన్నా వెనకవైపు చదవందే నోట్లో పెట్టొద్దని వాళ్ల సైన్సు టీచరు చెప్పారట. అప్పట్నుంచీ మా ఇంట్లో బిస్కెట్ పొట్లం నుంచి టూత్‌పేస్టు దాకా అన్నింటికీ పరీక్షే.

"నాన్నా, పైన ఇంత పెద్ద మామిడిపండు బొమ్మేశారు. లోపల ఎంతుంది?"

"బోలెడుంటుందిరా, తాగు" అన్నాను సమోసా నములుతూ.

వాడు ఊరుకుంటేగా! చీమ తలకాయంత అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. వరసలో మొదటి పేరు నీళ్లు. ఆ తర్వాతే మిగతావన్నీ. మామిడి గుజ్జు పక్కన ఓ అంకె. అది చూసి, తలెత్తి నా వైపు ఓ చూపు చూశాడు. గుజ్జులో మోసం చేసింది నేనే అన్నట్టు!

ఆ అంకె ఎంతో నేను చెప్పను. ఈ ఆదివారం మీ ఫ్రిజ్‌లో ఉన్న సీసా తీసి మీరే చూసుకోండి. చట్టం ఏమంటుందో మాత్రం చెబుతాను. 'పండ్ల పానీయం' అని రాసుకోవాలంటే అందులో పండ్ల రసం కనీసం 10 శాతం ఉండాలన్నది ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధన. నిమ్మ జాతి పులుపు పళ్లకయితే 5 శాతం చాలు. అంతకంటే ఎక్కువ వేసేవాళ్లూ ఉన్నారు. కానీ పది దాటకపోయినా ఎవరూ ఏమీ అనలేరు.

సరే, ఆ పది శాతమైనా ఏ మామిడి? డబ్బా మీది బొమ్మ చూసి బంగినపల్లి అనో, చిన్న రసం అనో అనుకుంటాం. కాదు. మన దగ్గర దొరికే మామిడి పానీయాల్లో ఎక్కువగా పడేది మనం పెద్దగా ఖాతరు చేయని కాయ. బస్టాండులో, బడి గేటు ముందు, నాలుగు చీలికలుగా కోసి ఉప్పూకారం చల్లి ఇస్తారే... ముక్కు వంపు తిరిగి, కోలగా, ఆకుపచ్చగా... అదే. చిలక ముక్కులా ఉంటుందని ఉత్తరాదిన తోతాపురి అన్నారు. తమిళులదీ అదే పోలిక, కిలిమూకు అంటారు. బెంగళూరా అన్న పేరూ ఉంది. మన తెలుగు నేలమీద చాలాచోట్ల దాని పేరు కలెక్టర్ కాయ. ఎందుకా పేరొచ్చిందంటే ఊరికో కథ చెబుతారు. ఏ కథ నిజమైనా, 2025 జూన్‌లో మాత్రం ఆ పేరు అచ్చంగా సార్థకమైంది. అక్కడికే వస్తున్నా.

డ్రమ్ములకెక్కిన చిత్తూరు

కలెక్టర్ కాయ తినడానికి అంత గొప్పదేం కాదు. వాసన తక్కువ, తీపి ఓ మోస్తరు. అల్లుడొస్తే ఎవరూ దీన్ని కోసి పెట్టరు. కానీ దీనికున్న గుణాలు వేరే. కండ బాగా ఉంటుంది, పీచు తక్కువ. కాయ గట్టిది, లారీలో అంత తొందరగా నలగదు. బంగినపల్లి ఒక ఏడాది విరగకాసి మరుసటేడు మొహం చాటేస్తుంది గానీ ఇది దాదాపు ఏటా కాస్తుంది. పైగా చవక. ఫ్యాక్టరీకి ఇంతకంటే ఏం కావాలి?

అందుకే ఉమ్మడి చిత్తూరు జిల్లాలో కొండల పక్కనా గుట్టల మీదా ఎక్కడ చూసినా ఇదే తోట. దామలచెరువు, బంగారుపాళ్యం మండీలు, రోడ్ల వెంట కాయ దించే ర్యాంపులు, వాటికి అటూ ఇటూ గుజ్జు ఫ్యాక్టరీలు. సరిహద్దు దాటితే తమిళనాడులోని కృష్ణగిరి. దేశంలో మామిడి గుజ్జు అంటే ముందుగా వినిపించే పేర్లు ఈ రెండే. జూన్, జూలై నెలలొస్తే ఫ్యాక్టరీలు రాత్రీపగలూ తిరుగుతాయి. కాయ మాగేసి, కడిగి, తొక్కా టెంకా తీసేసి, గుజ్జును వేడిచేసి, సూక్ష్మజీవులు చొరబడని సంచుల్లో నింపి, ఇనుప డ్రమ్ముల్లో పెట్టి మూతలు బిగిస్తారు. ఆ డ్రమ్ములే గల్ఫ్‌కీ ఐరోపాకీ ఓడలెక్కుతాయి. దేశంలో కూల్‌డ్రింకు కంపెనీలకు ఏడాది పొడవునా వెళతాయి. అంటే డిసెంబరు చలిలో మనం తాగే మామిడి రసం కూడా ఆ రెండు నెలల్లో డ్రమ్ముకెక్కినదే.

ఇక్కడ మీకో చిన్న లెక్క. పెన్నూ కాగితం అక్కర్లేదు. కిలో కలెక్టర్ కాయ నుంచి వచ్చే గుజ్జు సుమారుగా అరకిలో. పది శాతం లెక్కన లీటరు సీసాలో పడేది వంద గ్రాములు. అంటే రెండు వందల గ్రాముల కాయ. కలెక్టర్ కాయ ఒకటి తూకం వేస్తే పావుకిలోకి పైనే ఉంటుంది. కాబట్టి నిండు లీటరు సీసాకి నిండా ఒక్క కాయ కూడా పట్టదు! ఫ్యాక్టరీ కిలో కాయకు 8 రూపాయలిచ్చిందనుకుంటే ఆ సీసాలోని మామిడి ఖరీదు రూపాయి అరవై పైసలు. సీసా ఖరీదెంతో మీకు తెలుసు. గుజ్జు తీయడానికీ, డ్రమ్ముకీ, సీసాకీ, లారీకీ, దుకాణదారుడి కమీషనుకీ, పన్నుకీ, టీవీలో మామిడిపండు కొరికే తారకీ పోగా రైతు వాటా ఆ రూపాయి అరవై. ఈ లెక్క మావాడికి చెబితే, "మరి ఇంకో రూపాయి ఇస్తే ఏం పోయింది?" అన్నాడు. ఆరో తరగతి వాడికి తట్టిన ప్రశ్నే. పెద్దవాళ్లం ఎన్నాళ్లు తర్జనభర్జనలు పడ్డామో చూడండి.

నాటేదాకా నవ్వుతూ...

పండ్ల తోటలకు ప్రభుత్వం ఏమీ చేయలేదంటే కళ్లు పోతాయి. చాలానే చేసింది. 2001లో కేంద్రం వ్యవసాయ ఎగుమతి మండళ్ల పథకం తెచ్చినప్పుడు మామిడి గుజ్జు, తాజా కూరగాయల పేరుతో చిత్తూరు జిల్లాకూ ఒకటి దక్కింది. 2003 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ సేద్య పథకం మొదలైంది. మొదట్లో సగం ఖర్చు ప్రభుత్వం పెట్టుకుంటే ఆ తర్వాత చిన్న రైతులకు రాయితీ 90 శాతం దాకా వెళ్లింది. అడుగంటిన బోర్లతో అలమటించే రాయలసీమలో చీనీ, దానిమ్మ, మామిడి ఇవాళ ఇంత పచ్చగా కనిపిస్తున్నాయంటే ఆ నల్లటి సన్నపైపుల చలవే. 2005లో జాతీయ ఉద్యాన మిషన్ వచ్చింది. 2014-15 నుంచి అది సమగ్ర ఉద్యాన అభివృద్ధి మిషన్‌లో కలిసింది. కొత్త తోటకు డబ్బు, ముసలి తోటను కొమ్మలు కొట్టి మళ్లీ చిగురింపజేయడానికి డబ్బు, ప్యాక్‌హౌస్‌కు డబ్బు, శీతల గిడ్డంగికి డబ్బు. ఉపాధి హామీ కింద చిన్న రైతు పొలంలో గుంతలు తీసి, మొక్క నాటించి, మూడేళ్లు నీళ్లు పోయడానికీ డబ్బు.

కంపెనీలూ చేయి వేశాయి. ఓ పెద్ద కూల్‌డ్రింకు కంపెనీ, ఓ డ్రిప్పు కంపెనీ కలిసి 2011లో చిత్తూరులోనే 'ఉన్నతి' పేరుతో దట్టంగా మామిడి నాటించే పథకం మొదలుపెట్టాయి. పాత పద్ధతిలో ఎకరానికి 40 చెట్లు. పది మీటర్లకొకటి. ఈ కొత్త పద్ధతిలో మూడు మీటర్లకో వరస, వరసలో రెండు మీటర్లకో మొక్క. ఎకరానికి అటూఇటూగా 670! చెట్టు కాదు, పొద అనాలి. నిలబడి చేత్తో కోయొచ్చు.

ఇన్ని చేతులు కలిసి నాటాక కాయ పెరక్కుండా ఉంటుందా? పెరిగింది.

చిక్కల్లా అక్కడే. వేరుశనగ వేసినవాడు ధర పడిపోతే మరుసటేడు ఇంకోటి వేసుకుంటాడు. మామిడి చెట్టు అలా కాదు. నాటిన నాలుగైదేళ్లకు కాపు మొదలవుతుంది, పదేళ్లకు చేతికందుతుంది, ఆపైన ముప్ఫై నలభై ఏళ్లు నిలబడే ఉంటుంది. గిరాకీ ఉన్నా లేకపోయినా ఏటా కాస్తూనే ఉంటుంది. ప్రభుత్వ సాయం మూడేళ్లకు ఆగిపోతుంది, చెట్టు నలభై ఏళ్లు కాస్తుంది. మధ్యలో ఉన్న ముప్ఫై ఏడేళ్లూ ఎవరి పూచీ?

మా మామ ఫోను

మా మేనమామకు చిత్తూరు దగ్గర ఆరెకరాల తోట. అమ్మ వాళ్ల తాత నాటించిన చెట్లు కొన్ని, మామ సొంతంగా నాటినవి కొన్ని. 2025 జూన్‌లో ఓ రోజు రాత్రి పదింటికి ఫోను చేశాడు. మామూలుగా తొమ్మిదికే పడుకునే మనిషి.

"అల్లుడా, మీ పేపర్లో ఏమన్నా వేస్తాండారా మా కాయల గురించి?"

"ఎక్కడున్నావు మామా? హారన్లు వినిపిస్తున్నాయి."

"ఫ్యాక్టరీ గేటు కాడ. గేటు కాడంటే గేటు కాడ కాదులే. రెండు మైళ్లు ఎనక. నిన్న పొద్దున టోకెను ఇచ్చినారు. ట్రాక్టర్లో కాయ కింద మాగిపోతాండాది, పైన ఎండిపోతాండాది. కిందనుంచి రసం కారతాండాది. ఈగలు నాకంటే ముందు లోపలికి పోతాయేమో!"

నవ్వుతూనే చెప్పాడు. మా మామ ఎప్పుడూ అంతే, ఎంత కష్టమైనా ఓ ఎకసక్కెం చేర్చందే చెప్పలేడు. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

ఆ ఏడు జరిగింది ఇదీ. చెట్లు విరగకాశాయి. అంతకు ముందరి ఏడాది గుజ్జు ఫ్యాక్టరీల్లో ఇంకా డ్రమ్ముల్లోనే ఉండిపోయింది. పశ్చిమాసియాలో యుద్ధాలు, ఎర్ర సముద్రంలో ఓడలకు ఇక్కట్లు, ఎగుమతులు మందగించాయి. పాత సరుకే అమ్ముడుపోనప్పుడు కొత్త కాయకు ఎవడు ఎగబడతాడు? మండీల్లో కిలో ధర అయిదారు రూపాయలకు, కొన్నిచోట్ల ఇంకా కిందికి జారింది. కోత కూలికీ ట్రాక్టరు బాడుగకీ పోతే మిగిలేది సున్నా. కొందరు కాయను రోడ్డు పక్కన పారబోశారు. ఇంకొందరు కోయనే లేదు. రాలితే రాలనీ అని వదిలేశారు.

అప్పుడు ప్రభుత్వం దిగింది. కిలోకు 12 రూపాయలు రైతుకు దక్కాలని లెక్క కట్టింది. అందులో 8 ఫ్యాక్టరీలు ఇవ్వాలి, 4 సర్కారు రైతు ఖాతాలో వేస్తుంది. జిల్లా కలెక్టర్లు ఫ్యాక్టరీల వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడారు, గేట్ల దగ్గర సిబ్బందిని పెట్టారు, టోకెన్లు పంచారు. కలెక్టర్ కాయకు కలెక్టరే ధర చెప్పడం అంటే ఇదే మరి! అంతటితో ఆగలేదు. పక్క రాష్ట్రం కాయ కూడా వచ్చిపడితే మన కాయ ఎవరు కొంటారని కర్ణాటక తోతాపురి చిత్తూరు జిల్లాలోకి రాకుండా సరిహద్దులో ఆపేశారు. కోలారు జిల్లా శ్రీనివాసపురం రైతులు లబోదిబోమన్నారు. వాళ్లకీ గుజ్జు ఫ్యాక్టరీలంటే చిత్తూరువే కదా! నిషేధం ఎత్తేయమని కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య మన ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడికి లేఖ రాశారు. ఓ ఉప్పూకారం కాయ రెండు రాష్ట్రాల మధ్య ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపించింది.

కర్ణాటకకు కేంద్రం సాయం చేసింది. క్వింటాలుకు 1,616 రూపాయల ధరను లెక్కలోకి తీసుకుని, 2.5 లక్షల టన్నుల మామిడికి నష్టపరిహారం పంచుకుంటామంది. ఆ తర్వాత మన తోతాపురికీ అదే పద్ధతిలో ఒప్పుకుంది. దీని పేరు మార్కెట్ జోక్యం పథకం. ఇదేమిటో కాస్త తెలుసుకుందాం. ఏటా పేపర్లో కనిపించే పేరే అయినా ఎవరూ విడమరచి చెప్పరు.

వరికి, పత్తికి, కందికి కేంద్రం మద్దతు ధర ప్రకటిస్తుంది. అలాంటి పంటలు మొత్తం 22. ఆ పట్టికలో వెతికి చూడండి, ఎండుకొబ్బరి ఉంటుంది గానీ పండు ఒక్కటీ ఉండదు, కూరగాయ ఒక్కటీ ఉండదు. నిలవ ఉండని సరుకును ప్రభుత్వం కొని ఎక్కడ దాస్తుందన్నది వాదన. అందులో అర్థం లేకపోలేదు. బియ్యం గోదాములో పెట్టొచ్చు, టమాటా పెట్టలేం. కాబట్టి వీటికోసం విడిగా ఓ పథకం. మామూలు ఏడాదితో పోలిస్తే ధర కనీసం 10 శాతం పడిపోవాలి. రాష్ట్రం అడగాలి. నష్టంలో సగం రాష్ట్రం, సగం కేంద్రం భరించాలి. ఈశాన్య రాష్ట్రాలకైతే కేంద్రం వాటా 75 శాతం. 2025 ఫిబ్రవరిలో నిబంధనలు కొంచెం మార్చారు. అంతకుముందు పంటలో 20 శాతానికే వర్తించేది, 25 శాతానికి పెంచారు. కాయ కొనకుండానే ధరలో తేడాను నేరుగా రైతు ఖాతాలో వేసే వీలూ కల్పించారు. చాలా మంచి మార్పు. పారబోయడానికి కొనే తిప్ప తప్పింది.

అయితే ఆ వరస గమనించారా? ముందు ధర పడిపోవాలి. తర్వాత రాష్ట్రం లెక్కలు కట్టాలి. తర్వాత ఢిల్లీకి ఉత్తరం వెళ్లాలి. తర్వాత జవాబు రావాలి. ఈలోగా కాయ ఆగుతుందా? చెట్టు మీద పండిన కలెక్టర్ కాయకు ఫైలు ఏ బల్ల మీదుందో తెలియదు. మా మామ ట్రాక్టరు గేటు దాటింది మూడో రోజు రాత్రి. కొంత కుళ్లని పక్కన పెట్టారు, కొంత సూటు కింద తీసేశారు. ప్రభుత్వం చెప్పిన 8 రూపాయలు ఫ్యాక్టరీ వాళ్లు అప్పటికప్పుడు ఇవ్వలేదు. తర్వాత వేస్తామన్నారు. 'తర్వాత' అంటే ఎప్పుడని మామ ఫోను చేసినప్పుడల్లా ఎవరో ఒకరు "సార్ మీటింగులో ఉన్నారు" అనేవాళ్లట.

చెరకుకు ఉన్నది మామిడికి లేదా?

మామ బాధ విన్నాక నాకు తట్టిన సంగతి ఒకటి చెబుతాను. అదే చిత్తూరు జిల్లాలో ఒకప్పుడు చెరకూ బాగా వేసేవాళ్లు. చెరకు కూడా మామిడి లాంటిదే. నరికాక ఆగదు, ఎండితే బరువు తగ్గుతుంది, ఫ్యాక్టరీకి తప్ప ఇంకెవరికీ అంత సరుకు అమ్మలేం. కానీ చెరకుకు క్రషింగ్ మొదలవకముందే ధర తెలుస్తుంది. కేంద్రం ఏటా ప్రకటిస్తుంది. ఆ ధర కంటే తక్కువిస్తే నేరం. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం సరుకు అందిన 14 రోజుల్లో ఫ్యాక్టరీ డబ్బు కట్టాలి. లేకపోతే ఆలస్యానికి ఏటా 15 శాతం లెక్కన వడ్డీ ఇవ్వాలి.

అంతమాత్రాన చెరకు రైతులు సుఖపడుతున్నారని కాదు. బకాయిల కోసం ధర్నాలు చేసిన చెరకు రైతుల వార్తలు నేనే ఎన్నో రాశాను. కాకపోతే వాళ్ల చేతిలో ఓ కాగితం ఉంది. ఇంత రావాలి, ఇన్ని రోజుల్లో రావాలి అని నిలదీయడానికి ఓ ఆధారం. మామిడి రైతు చేతిలో ఏముంది? టోకెను.

కూరగాయలకు, పండ్లకు ముందే ధర చెప్పడం కుదరదా అంటే కుదిరిన దాఖలాలున్నాయి. హర్యానా 2017 డిసెంబరులో టమాటా, ఉల్లి, బంగాళాదుంప, కాలీఫ్లవర్‌లకు ధర వ్యత్యాసం చెల్లించే పథకం తెచ్చింది. రైతు ముందుగా పేరు నమోదు చేయించుకోవాలి. కేరళ 2020 నవంబరు 1న 16 రకాలకు కనీస ధరలు పెట్టింది. సాగు ఖర్చుకు 20 శాతం కలిపి కట్టిన ధర. కిలో టమాటాకు 8 రూపాయలు, అనాసకు 15. గొప్ప ధరలేం కావు. కానీ విత్తు నాటేముందే తెలిసిన ధరలు. తేడా అదే.

కేంద్రం వైపు నుంచి 2018-19 బడ్జెట్లో టమాటా, ఉల్లి, బంగాళాదుంపల కోసం 500 కోట్లతో 'ఆపరేషన్ గ్రీన్స్' ప్రకటించారు. 2020లో కరోనా వేళ దాన్ని అన్ని పండ్లకూ కూరగాయలకూ పొడిగించి రవాణా, నిల్వ ఖర్చుల్లో సగం భరిస్తామన్నారు. తర్వాతి బడ్జెట్లో త్వరగా పాడయ్యే 22 ఉత్పత్తులకు విస్తరిస్తున్నట్టు చెప్పారు. ఆ సగం రవాణా ఖర్చు మదనపల్లె టమాటా రైతుకు ఎంత చేరిందో గానీ, మదనపల్లె కథ ఏమీ మారలేదు. 2023 జూలైలో దేశంలో చాలాచోట్ల కిలో 200 దాకా వెళ్లి మన వంటింట్లో చింతపండుకు గౌరవం పెంచిన ఆ టమాటాయే, కొన్ని వారాలు తిరిగేసరికి రోడ్డు పక్కన గుట్టలు పోసి కనిపించింది. టమాటాకు ఇంకో ఇబ్బంది, అక్కడ పండేవి ఎక్కువగా కూరకు పనికొచ్చే రకాలు. నీరెక్కువ, గుజ్జు తక్కువ. ఫ్యాక్టరీ పెట్టినంత మాత్రాన ఒడ్డెక్కేది కాదు. ఆ సంగతి ఇంకో ఆదివారం.

ఒక నోటితో అవునని...

మళ్లీ మన డబ్బా దగ్గరికొద్దాం. గిరాకీ లేక కాయ పారబోస్తున్నాం కదా, గిరాకీ పెంచే ఉపాయం ఎవరికీ తట్టలేదా? తట్టింది. సాక్షాత్తూ ప్రధానికే. 2014 సెప్టెంబరులో కర్ణాటకలోని తుమకూరులో ఫుడ్ పార్కు ప్రారంభిస్తూ నరేంద్ర మోదీ కూల్‌డ్రింకు కంపెనీలకు ఓ మాట చెప్పారు. మీ గ్యాసు డ్రింకుల్లో అయిదు శాతం పండ్ల రసం కలపండి, మా రైతు బాగుపడతాడు అన్నది ఆ మాట సారాంశం. భేషుగ్గా ఉంది. కంపెనీల వాళ్లూ కొత్త రకాలు తెచ్చారు, అలాంటి పానీయాలకు ఆహార భద్రత సంస్థ ప్రమాణాలు కూడా రాసింది.

తర్వాత పన్నుల వాళ్లొచ్చారు. జీఎస్టీలో మామూలు పండ్ల పానీయానికి 12 శాతం. కానీ అదే రసంలో గ్యాసు ఉంటే? 2021 సెప్టెంబరులో జీఎస్టీ మండలి తేల్చి చెప్పింది, 28 శాతం పన్ను, పైన 12 శాతం సెస్సు. రసం కలిపినా కలపకపోయినా ఒకటే వాత! ఇక మామిడి గుజ్జు ఎవడు కలుపుతాడు, ఎందుకు కలుపుతాడు? 2025 సెప్టెంబరు 22 నుంచి పన్నులు మారినప్పుడు మామూలు పండ్ల పానీయాలపై 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. సంతోషం. గ్యాసు కలిసిన పండ్ల పానీయం మాత్రం నేరుగా 40 శాతం గూటికి వెళ్లింది. వెనకటి 28, 12 కలిపితే వచ్చేదీ అదే అనుకోండి.

పిల్లలు గ్యాసు డ్రింకులు తాగాలని నా ఉద్దేశం కాదు. మా ఇంట్లో అవి నిషిద్ధం (కనీసం నేను చూస్తుండగా). నేననేది మామూలు పానీయం గురించి. ఆ 5 శాతం పన్ను 20 శాతం గుజ్జు వేసినవాడికే అని మెలిక పెట్టి ఉంటే? పది శాతమే వేసేవాడికి పాత పన్నే అని ఉంటే? లీటరు సీసాలో ఒక కాయ బదులు రెండు పడేవి. నా లెక్క ప్రకారం కంపెనీకి అయ్యే అదనపు ఖర్చు కాయ ధరలో రూపాయి అరవై, పైన గుజ్జు తీసే ఖర్చు. పన్నులో మిగిలేదానితో పోలిస్తే అది పెద్ద భారమేం కాదు. ఖజానా నుంచి నాలుగు రూపాయలు తీసి రైతు ఖాతాలో వేసే బదులు, ఆ కాయను డబ్బాలోకి పంపించే దారి ఇది. ఇందులో ఏదైనా లొసుగు ఉంటే లెక్కలు తెలిసినవాళ్లు చెబుతారు. అప్పటిదాకా నాకిదే నచ్చింది.

ఇంకో దారి చిన్నది. 2020 నుంచి చిన్న ఆహార తయారీ యూనిట్లకు ప్రధానమంత్రి పేరుతో ఉన్న పథకం కింద ఖర్చులో 35 శాతం, 10 లక్షలు మించకుండా రాయితీ ఇస్తున్నారు. ఆత్రేయపురం వైపు మామిడి తాండ్ర చాపల మీద ఆరబోసి ఎన్ని కుటుంబాలు బతకడం లేదూ? చిత్తూరు మహిళా సంఘాలూ చేయొచ్చు. కాకపోతే లక్షల టన్నుల కాయకు తాండ్ర చాపలు చాలవు. ఇది పక్క పని, అసలు పని కాదు.

వేసవి సెలవుల ముందు ఓ శని, ఆదివారాలు మావాణ్ని తీసుకుని మామ దగ్గరికి వెళ్లాను. తోటలో రెండు వరసలు బోసిపోయి ఉన్నాయి. నడుమెత్తున కొట్టేసిన మొద్దులు, వాటి మీద కొత్త చిగుళ్లు, చిగుళ్లకు అంటు కట్టి చుట్టిన ప్లాస్టిక్ పట్టీలు. కలెక్టర్ చెట్ల మీద బంగినపల్లి ఎక్కిస్తున్నాడట. కాపు రావడానికి ఇంకా రెండు మూడేళ్లు. మిగతా వరసలు అలాగే ఉంచాడు. "అన్నీ కొట్టేస్తే ఇంటికి బియ్యమెట్టా?" అన్నాడు. ఆ ఏడాది తాలూకు ప్రభుత్వం నాలుగు రూపాయలు పడ్డాయి. ఫ్యాక్టరీ ఇవ్వాల్సినదాంట్లో కొంత ఇంకా రావాలి.

మావాడు ఓ మొద్దు దగ్గర నిలబడి, "తాతా, ఈ చెట్టు ఎందుకు కొట్టేశావు? కాయలు కాయట్లేదా?" అని అడిగాడు.

"కాస్తాంది నాయనా. బాగానే కాస్తాంది" అన్నాడు మామ. పక్క వరసలో చెట్టుకు ఇంకా ముదరని కాయలు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. ఒకటి తెంపి, మొలలోని చాకుతో చీలికలు కోశాడు. అత్త కొంగున కట్టి తెచ్చిన ఉప్పూకారం విప్పింది. మావాడు ఆ కాయ మొత్తం తినేసి, రెండోది అడిగాడు.